వాన వెలిసిన పబ్లిక్ కోర్సులో స్నేహితులతో ఒక రౌండ్ గోల్ఫ్ ఎలా ఆడాలి

రాత్రంతా వాన పడింది. పొద్దున తెరిపిచ్చింది కానీ ఆకాశాన్ని ఇంకా నమ్మలేం. నలుగురు కలిసి బుక్ చేసుకున్న టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఉంది. గ్రూపులో ఒకరు "వెళ్దామా, మానేద్దామా?" అని అప్పటికే రెండుసార్లు అడిగారు.

వెళ్లండి. కాకపోతే పొడి నేల మీద పనికొచ్చే లెక్కలు ఈ రోజు పనికిరావు. బంతి దొర్లదు, గ్రిప్ (క్లబ్ అనే ఆట కర్రకు ఉండే పిడి) జారుతుంది, బంకర్ అనే గుంటలో ఇసుక బిగుసుకుపోయి ఉంటుంది, గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీద బంతి నెమ్మదిగా వెళ్తుంది. ఇవన్నీ ముందే అనుకుని వెళితే తడి కోర్సులోనూ హాయిగా ఆడుకోవచ్చు. అనుకోకుండా వెళితే ఐదో హోల్‌కల్లా అందరి మొహాలూ మాడిపోతాయి. వాన రోజు పనిలో సగం మొదటి బంతి కొట్టకముందే అయిపోవాలని నేనంటాను. అందుకే ఇక్కడ స్వింగ్ మాట కాస్త ఆలస్యంగా వస్తుంది.

ముందు కోర్సుకు ఫోన్ చేయండి

కోర్సు తెరిచి ఉందా అని మాత్రమే అడిగి పెట్టేయకండి. పద్దెనిమిది హోల్సూ ఆడనిస్తున్నారా, గ్రీన్లు అసలువేనా లేక ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పొట్టిగా కోసిన గడ్డి దారి) మీద తాత్కాలికంగా కోసినవా, బగ్గీలు (ఎక్కి తిరిగే బండ్లు), ట్రాలీలు (బ్యాగ్ లాగే బండ్లు) అనుమతిస్తున్నారా అని అడగండి. నేల బాగా నానినప్పుడు చక్రాలు తిరిగితే మట్టి అణిగిపోతుంది, గడ్డి వేళ్లకు గాలి అందదు. అందుకే చాలా చోట్ల బగ్గీలను దారి దాటి రానివ్వరు, ఒక్కోసారి ట్రాలీలు కూడా వద్దంటారు. అప్పుడు బ్యాగ్ భుజాన మోయాల్సిందే. ఆ సంగతి అక్కడికి వెళ్లాక కంటే ఇంట్లో ఉండగా తెలిస్తే మంచిది.

ఇంకొక్క ప్రశ్న అడగండి: ఈ రోజు ప్రిఫర్డ్ లైస్ పెట్టారా? అంటే ఫెయిర్‌వేలో ఉన్న బంతిని ఎత్తి, తుడిచి, దగ్గరలో మళ్లీ పెట్టుకునే స్థానిక నియమం అమల్లో ఉందా అని. దీని గురించి ముందు ముందు చెబుతాను. మధ్యలో వాన ముంచుకొచ్చి ఆట ఆపాల్సి వస్తే డబ్బు వాపసు ఇస్తారా, ఇంకో రోజు ఆడనిస్తారా అన్నది కూడా అడిగేయండి. మొహమాటం అక్కర్లేదు, వాళ్లకు ఇది రోజూ వినే ప్రశ్నే.

వాతావరణ సూచనలో ఎంత వాన పడుతుందన్నది రెండో విషయం. పిడుగులు ఉన్నాయా లేదా అన్నది మొదటి విషయం. పిడుగులు ఉంటాయని ఉంటే ఆ రోజుకు మానేయండి. జల్లులే అయితే బయలుదేరండి.

బ్యాగ్‌లో ఏం ఉండాలి

టవళ్లు. ఒకటి కాదు, మూడు. ఒకటి బ్యాగ్‌కు బయట వేలాడుతూ క్లబ్ తలల బురద తుడవడానికి. రెండోది గొడుగు లోపల, ఊచలకు తగిలించి, గ్రిప్‌లు తుడవడానికి. ఇది నడుస్తున్నంతసేపూ గొడుగు నీడలోనే ఉంటుంది కాబట్టి త్వరగా తడవదు. మూడోది ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, రెండోది తడిసిపోయాక తీయడానికి. బురద తుడిచిన టవల్‌తో గ్రిప్ తుడవకండి. సన్నటి ఇసుక గ్రిప్‌కు అంటుకుంటే ఇక చేతిలో పట్టు నిలవదు.

గ్లవ్ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మామూలు తోలు గ్లవ్ తడిస్తే జారుతుంది. వానకోసం ప్రత్యేకంగా చేసిన గ్లవ్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, తడిసినప్పుడే బాగా పట్టుకుంటాయి. వాటిని రెండు చేతులకూ జతగా అమ్ముతారు. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరే కావాలని నీళ్లతో తడిపి వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అవి లేకపోతే మామూలువే రెండు మూడు తెచ్చుకుని మార్చి మార్చి వాడండి. విప్పినదాన్ని బ్యాగ్ జేబులో కుక్కకుండా గొడుగు ఊచకు తగిలించండి.

రెయిన్ జాకెట్ కొత్తదైతే ఇంట్లోనే వేసుకుని ఒకసారి పూర్తి స్వింగ్ చేసి చూడండి. భుజాల దగ్గర పట్టేస్తుంటే అది నడకకు పనికొస్తుంది కానీ గోల్ఫ్‌కు కాదు. అంచున్న టోపీ, బ్యాగ్ మీద కప్పే ముసుగు, ఒక జత అదనపు సాక్సులు పెట్టుకోండి. తొమ్మిది హోల్స్ అయ్యాక పొడి సాక్సులు వేసుకుంటే కలిగే సుఖం చెప్పనలవి కాదు. స్కోర్ కార్డుకు ఒక ప్లాస్టిక్ కవరు, రాయడానికి పెన్సిల్ తీసుకోండి. తడి కాగితం మీద పెన్ను పని చేయదు.

క్లబ్బులు తగ్గించండి. నియమాల ప్రకారం 14 కంటే ఎక్కువ ఉండకూడదు గానీ, ఇన్ని ఉండి తీరాలని ఎక్కడా లేదు. భుజాన మోసే రోజు లాంగ్ ఐరన్లు (పొడుగు షాట్లకు వాడే ఇనుప తల క్లబ్బులు) ఇంట్లో వదిలేయండి. తడి గడ్డిలో అవి ఎలాగూ బయటికి రావు, వాటి బదులు ఒక హైబ్రిడ్ (బంతిని తేలిగ్గా లేపే క్లబ్) చాలు. బంతుల్లో పసుపువో నారింజవో ఉంటే అవి తెచ్చుకోండి. బురదలో సగం దిగిన తెల్ల బంతిని వెతకడం అంత సులభం కాదు.

మొదటి టీ దగ్గర మాట్లాడుకోవాల్సినవి

ఇది అయిదు నిమిషాల పని. ఇది చేయని గ్రూపులే మధ్యలో గొడవ పడతాయి.

ముందుగా, ఏ పద్ధతిలో ఆడుతున్నారు? తడి రోజున ప్రతి స్ట్రోక్ (బంతికి కొట్టే దెబ్బ) లెక్కపెట్టే ఆట స్నేహితులకు మంచిది కాదని నా గట్టి నమ్మకం. ఒక హోల్‌లో పది స్ట్రోకులు పడితే మిగతా రౌండ్ అంతా అదే మనసులో తిరుగుతుంది. స్టేబుల్‌ఫర్డ్ పద్ధతి ఆడండి. హ్యాండిక్యాప్ స్ట్రోకులు (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే మినహాయింపు) తీసేశాక పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) చేస్తే 2 పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒకటి ఎక్కువ) 1, బర్డీకి (ఒకటి తక్కువ) 3, ఈగిల్‌కు (రెండు తక్కువ) 4. డబుల్ బోగీ లేదా అంతకంటే ఘోరం అయితే సున్నా. సున్నా ఖాయం అని తెలిసిన వెంటనే బంతి తీసి జేబులో వేసుకుని ముందుకు నడవొచ్చు. డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే ఆయన తయారు చేసిన ఈ లెక్కతో 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌లో మొదటి పోటీ జరిగింది. పాడైన ఒక్క హోల్ మొత్తం రౌండ్‌ను ముంచకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. వానకు ఇంతకంటే సరిపోయేది లేదు.

గ్రూపులో కొత్తవాళ్లు ఉంటే స్క్రాంబుల్ ఇంకా మేలు. అందరూ కొట్టి, బాగా పడిన ఒక బంతి దగ్గర నుంచి మళ్లీ అందరూ కొడతారు. బురదలో బంతులు వెతికే పని సగానికి సగం తగ్గిపోతుంది.

రెండోది, ప్రిఫర్డ్ లైస్. కోర్సు వాళ్లు పెట్టి ఉంటే ఎంత దూరం అన్నది కూడా వాళ్లే చెబుతారు. కొన్ని చోట్ల ఆరంగుళాలు, కొన్ని చోట్ల ఒక క్లబ్ పొడవు. ఫెయిర్‌వే ఎత్తుకు కోసిన గడ్డిలో మాత్రమే ఇది వర్తిస్తుంది, రఫ్‌లో (పక్కన పొడుగ్గా వదిలిన గడ్డిలో) కాదు. హోల్‌కు దగ్గరగా జరపకూడదు. వాళ్లు పెట్టకపోయినా సరదా ఆటలో మీలో మీరు ఒప్పుకుని ఆడుకోవచ్చు, కానీ కార్డును హ్యాండిక్యాప్ కోసం ఇచ్చేట్టయితే మీ ఒప్పందాలు చెల్లవు, కోర్సు కమిటీ పెట్టినవే చెల్లుతాయి. పెద్ద పోటీల్లో ఈ వెసులుబాటు ఉండకపోవచ్చు కూడా. 2009 యూఎస్ ఓపెన్ న్యూయార్క్ రాష్ట్రంలోని బెత్‌పేజ్ బ్లాక్ అనే పబ్లిక్ కోర్సులో జరిగింది. వానల వల్ల ఆదివారం ముగియాల్సిన పోటీ సోమవారం దాకా సాగింది. అక్కడ ఆటగాళ్లు బురద అంటిన బంతిని అలాగే కొట్టారు. చివరికి లూకస్ గ్లోవర్ గెలిచాడు. మనకు అంత శిక్ష అక్కర్లేదు, ఎత్తి తుడుచుకుందాం.

మూడోది, దగ్గరి పట్‌లు (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బలు). బంతి హోల్‌కు పటర్ (పట్‌కు వాడే క్లబ్) గ్రిప్ పొడవు లోపల ఉంటే, కొట్టకుండానే పడినట్టు లెక్కేసి ఇచ్చేయడమని ముందే అనుకోండి. నాలుగోది, ఎప్పుడు ఆపాలి. "తొమ్మిది అయ్యాక చూద్దాం, ఒక్కరు వద్దన్నా ఆపేద్దాం" అని ముందే అనుకుంటే, చలికి వణుకుతున్న మనిషి మొహమాటానికి పోయి మిగతా తొమ్మిదీ నడవక్కర్లేదు.

ప్రతి షాట్‌కూ ఒకే వరుస

తడి రోజు చేతులు, గ్రిప్ పొడిగా ఉన్నంతసేపే ఆట ఉంటుంది. అందుకే ఒక వరుస పెట్టుకుని ప్రతిసారీ అదే చేయండి. గొడుగు కిందే నిలబడి దూరం చూసుకోండి, క్లబ్ నిర్ణయించుకోండి. తర్వాతే క్లబ్ బయటికి తీయండి. గ్రిప్ తుడవండి, క్లబ్ ముఖం తుడవండి, అప్పుడు గొడుగు పక్కన పెట్టి బంతి దగ్గరికి వెళ్లండి. ఒక్క ప్రాక్టీస్ స్వింగ్ చాలు. కొట్టాక గ్రిప్ మళ్లీ తుడిచి క్లబ్‌ను బ్యాగ్‌లో పెట్టి ముసుగు కప్పండి.

క్లబ్ ముఖం తుడవడాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ముఖం మీద ఉన్న సన్నటి గీతలు నీటిని పక్కకు పంపడానికే. వాటిలో బురద నిండితే క్లబ్‌కూ బంతికీ మధ్య నీరు చిక్కుకుని రాపిడి తగ్గుతుంది, స్పిన్ పడిపోతుంది. వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే పొట్టి క్లబ్‌తో) కొడితే బంతి మీరు అనుకున్న దానికంటే పైకి లేచి, స్పిన్ లేకుండా పడుతుంది. షాట్‌కు ముందు ఒక్క టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) మొనతో ఆ గీతలు గీకేస్తే చాలు.

గొడుగు గురించి ఒక నియమం. మీరు కొట్టేటప్పుడు మీ నెత్తిన మీ స్నేహితుడు గొడుగు పట్టకూడదు, పడితే జరిమానా మీకే. మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చిన్న పట్ తోసేస్తే మాత్రం తప్పు లేదు. చూడ్డానికి వింతగా ఉంటుంది, అంతే.

టీ నుంచి ఫెయిర్‌వే దాకా

పొడి నేల మీద డ్రైవ్ (టీ నుంచి కొట్టే పొడుగు షాట్) పడ్డాక చాలా దూరం దొర్లుతుంది. నానిన నేల మీద పడ్డచోటే దాదాపు ఆగిపోతుంది, ఒక్కోసారి అక్కడే దిగబడుతుంది. అంటే గాల్లో ఎంత దూరం వెళ్తే అంతే లెక్క. అందుకని డ్రైవర్‌తో బంతిని తక్కువ ఎత్తులో కొట్టి దొర్లించే అలవాటు ఈ రోజుకు మానండి. టీ కొంచెం ఎత్తుగా పెట్టండి. బంకర్ దాటాలన్నా, నీళ్లు దాటాలన్నా మామూలు రోజు పడే మొత్తం దూరం గుర్తు పెట్టుకుని ప్రయత్నించకండి. టీ చుట్టూ ఉన్న నీటిని, మంచు తేమను తుడుచుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. టీ ప్రాంతం దాటాక ఆ వెసులుబాటు లేదు.

ఫెయిర్‌వేలో వచ్చే అసలు కష్టం, క్లబ్ బంతికంటే ముందు నేలను తాకడం. పొడి నేల మీద అర అంగుళం వెనక తగిలినా క్లబ్ జారి బంతిని కొంచెమైనా పంపుతుంది. మెత్తటి నేలలో అయితే దిగిపోతుంది. మీ మొహం నిండా బురద, బంతి మాత్రం ముందున్నచోటే. దీనికి మందు బలం కాదు. రెండు క్లబ్బులు పెద్దది తీసుకోండి, గ్రిప్ మీద చేతులు కాస్త కిందకి జరపండి, బంతిని కుడికాలి వైపు ఒక బంతి వెడల్పు మేర జరిపి నిలబడండి (ఎడమచేతి వాటం వాళ్లకు ఇవన్నీ అటూ ఇటూ మారతాయి). అప్పుడు ముప్పావు స్వింగ్ చేయండి. పాదాలు జారకుండా కొంచెం వెడల్పుగా నిలబడి, కింది శరీరాన్ని వీలైనంత నిలకడగా ఉంచండి. ఏడు ఐరన్ దూరానికి అయిదు ఐరన్ తీయడానికి సిగ్గు పడకండి, కార్డు మీద ఏ క్లబ్ వాడారో రాయరు.

బంతికి బురద అంటి ఉండి, తుడుచుకునే వీలు లేకపోతే అది ఏ వైపు ఉందో చూడండి. కుడి పక్కన బురద ఉంటే బంతి ఎడమకు, ఎడమ పక్కన ఉంటే కుడికి వంపు తిరుగుతుంది. దాన్ని లెక్కేసి గురి పెట్టండి. మెల్లగా కొడితే వంపు తగ్గుతుంది.

తడి రఫ్ సంగతి ఒక్క మాటలో: బయటికి రండి. తడిసిన పొడుగు గడ్డి క్లబ్ మెడకు చుట్టుకుని ముఖాన్ని మూసేస్తుంది. ముఖం కాస్త తెరిచి, గట్టిగా పట్టుకుని, వెడ్జ్‌తో ఫెయిర్‌వేలోకి తోసేయండి. అక్కడి నుంచి గ్రీన్ దాకా ఫెయిర్‌వే వుడ్‌తో కొట్టాలనే కోరిక అందరికీ పుడుతుంది. అణచుకోండి.

నీళ్లలో పడిన బంతి: ఎప్పుడు ఉచితం, ఎప్పుడు కాదు

వాన రోజు ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కొందరు హక్కు ఉన్నా తెలియక నీళ్లలోంచే కొడతారు, కొందరు హక్కు లేని చోట బంతి తీసేస్తారు.

నేల మీద తాత్కాలికంగా నిలిచిన నీటికి ఉచిత ఉపశమనం ఉంది, పెనాల్టీ లేదు. కానీ నేల తడిగా ఉంది, బురదగా ఉంది, మెత్తగా ఉంది అంటే చాలదు. మీరు నిలబడక ముందో, మామూలుగా నిలబడ్డాకో నీరు కంటికి కనిపించాలి. కాలితో గట్టిగా అదిమి నీళ్లు పైకి తెప్పిస్తే అది లెక్కలోకి రాదు. మంచు తేమ కూడా లెక్కలోకి రాదు. బంతి పొడిగా ఉండి మీ పాదాలు మాత్రమే నీళ్లలో ఉన్నా ఉపశమనం దొరుకుతుంది, ఇది చాలామందికి తెలియదు.

తీసుకునే పద్ధతి ఇది. బంతి, మీ నిలుపు, స్వింగ్ మూడింటికీ నీరు అడ్డురాని అతి దగ్గరి చోటు ఎక్కడుందో చూడండి. అది హోల్‌కు దగ్గరగా ఉండకూడదు. అక్కడ టీ గుచ్చి, అక్కడి నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, మోకాలి ఎత్తు నుంచి బంతి వదలండి. క్లబ్ పొడవు అంటే పటర్ కాకుండా మీ బ్యాగ్‌లో ఉన్న అతి పొడుగు క్లబ్. బంతి ఆ పరిధిలో పడి, అందులోనే ఆగాలి. బయటికి దొర్లితే మళ్లీ వదలండి. రెండోసారి కూడా దొర్లితే, ఆ రెండోసారి నేలను తాకిన చోట చేత్తో పెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అతి దగ్గరి చోటు అంటే అతి మంచి చోటు కాదు. అది పొద పక్కన ఉండొచ్చు, లోతైన రఫ్‌లో ఉండొచ్చు. కాబట్టి ముందు ఆ చోటు ఎక్కడ పడుతుందో చూసుకున్నాకే బంతి మీద చేయి వేయండి. నీళ్లలోంచి కొట్టడమే మేలనిపిస్తే అలాగే కొట్టొచ్చు, బలవంతం లేదు.

బంతి తాను పడిన గుంటలోనే దిగబడి, దాని కొంత భాగం నేల మట్టం కిందకు వెళ్తే అది వేరే నియమం. ఫెయిర్‌వేలోనే కాదు, రఫ్‌లో కూడా ఉచితంగా ఎత్తుకోవచ్చు. తుడుచుకోవచ్చు. గుంటకు సరిగ్గా వెనక ఉన్న చోటు నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, హోల్‌కు దగ్గర కాకుండా వదలాలి. బంకర్లో దిగబడితే మాత్రం ఈ ఉపశమనం లేదు. ఎర్ర, పసుపు కర్రలతో గుర్తు పెట్టిన పెనాల్టీ ఏరియాలో కూడా లేదు. అక్కడ వాగు పొంగి ఒడ్డు మీద నీళ్లు నిలిచినా, కర్రల లోపల ఉన్నంతవరకు అది పెనాల్టీ ఏరియానే. కర్రల గీత దాటి బయటికి వచ్చిన నీరు మాత్రం తాత్కాలిక నీరే.

ఫెయిర్‌వే మధ్యలో పెద్ద మడుగులోకి బంతి వెళ్లడం అందరూ చూశారు, కానీ బంతి కనిపించడం లేదు. అది అందులోనే ఉందని దాదాపు ఖాయమైతే పెనాల్టీ లేదు, మడుగు అంచును చివరిగా ఎక్కడ దాటిందో అంచనా వేసి అక్కడి నుంచి ఉపశమనం తీసుకోండి. "బహుశా అందులోకే వెళ్లి ఉంటుంది" అంటే కుదరదు. అప్పుడు అది పోయిన బంతే.

బంకర్

పొడి ఇసుకలో సాండ్ వెడ్జ్ ముఖం బాగా తెరిచి కొట్టమని అందరూ నేర్చుకుంటారు. తడిసి బిగిసిన ఇసుకలో అలా కొడితే క్లబ్ అడుగున ఉన్న వంపు ఇసుక మీద తగిలి పైకి ఎగురుతుంది, అంచు బంతి నడుముకు తగిలి అది గ్రీన్ దాటి అవతలకు పోతుంది. అందుకే ముఖాన్ని దాదాపు నేరుగా ఉంచండి, అడుగు వంపు తక్కువగా ఉన్న వెడ్జ్ తీసుకోండి, బంతికి కాస్త దగ్గరగా ఇసుకను తాకండి. బంతి వేగంగా బయటికొస్తుంది, కాబట్టి స్వింగ్ చిన్నదిగా ఉండాలి. కొట్టకముందు క్లబ్‌తోనో చేత్తోనో ఇసుకను పరీక్షించకూడదు. లోపలికి నడిచేటప్పుడు పాదాల కింద ఎలా ఉందో మాత్రం గమనించవచ్చు.

బంకర్లో నీళ్లు నిలిచి ఉంటే ఉచిత ఉపశమనం బంకర్ లోపలే తీసుకోవాలి. బంకర్ అంతా నీళ్లే అయితే నీరు అతి తక్కువగా అడ్డొచ్చే చోట వదలొచ్చు. అదీ వద్దనుకుంటే ఒక పెనాల్టీ స్ట్రోక్ ఒప్పుకుని, హోల్ నుంచి బంతి మీదుగా వెనక్కు గీసిన గీత మీద బంకర్ బయట వదలండి. స్నేహితుల ఆటలో బంకర్లన్నీ చెరువులై ఉంటే, బయట ఉచితంగా వదులుకుందామని మొదటి టీ దగ్గరే అనుకోవడం మేలు.

గ్రీన్ మీద, గ్రీన్ చుట్టూ

గ్రీన్ దగ్గర నుంచి చిప్ చేసేటప్పుడు (చిన్నగా లేపి కొట్టేటప్పుడు) బంతి ఎక్కువ దొర్లదు, అందుకని హోల్‌కు ఇంకాస్త దగ్గరగా పడేలా కొట్టండి. బురదగా ఉన్న అంచు నుంచి పదునైన వెడ్జ్‌తో ప్రయత్నిస్తే దిగబడే ప్రమాదం ఉంది. తొమ్మిది ఐరన్‌తో పట్ చేసినట్టు చిన్న ఊపు ఇచ్చి, బంతి నేరుగా గ్రీన్ మీదే పడేలా చూసుకోండి.

పట్ కొట్టేటప్పుడు నేల వాలును తక్కువగా లెక్కేయండి, బలం ఎక్కువ ఇవ్వండి. తడి గ్రీన్ మీద చాలా పట్‌లు పొట్టిగానే ఆగిపోతాయి. బంతి నీళ్లను చిమ్ముకుంటూ వెళ్తుంటే దాని వేగం ఎంత త్వరగా పడిపోతుందో మొదటి రెండు గ్రీన్ల మీద గమనించండి. పట్ దారిలో నీరు కనిపించేలా నిలిచి ఉంటే, బంతి నీటిలో లేకపోయినా ఉచిత ఉపశమనం ఉంది. ఇక్కడ వదలడం కాదు, నీరు అడ్డురాని అతి దగ్గరి చోట చేత్తో పెట్టాలి. ఆ చోటు గ్రీన్ బయట పడినా ఫరవాలేదు. టవల్‌తో పట్ దారి మీద ఉన్న నీళ్లు తుడవడం మాత్రం కుదరదు.

జెండా కర్రను హోల్‌లోనే ఉంచి పట్ చేయడానికి 2019 నుంచి అనుమతి ఉంది. తడి రోజున దాన్ని తీయడం, తడి గ్రీన్ మీద పడేయడం, మళ్లీ తడి చేత్తో ఎత్తడం ఎందుకు? అలాగే వదిలేయండి.

మీ బంతి పడిన గుంటను సరిచేయండి, ఇంకొకటి కనిపిస్తే అది కూడా. మెత్తటి గ్రీన్ మీద గుంటలు లోతుగా పడతాయి. పబ్లిక్ కోర్సుల్లో జనం ఎక్కువ, చూసుకునే మనుషులు తక్కువ. ట్రాలీని గ్రీన్‌కూ బంకర్‌కూ మధ్య ఇరుకు దారిలోంచి లాక్కెళ్లకండి. అక్కడ నేల అన్నిటికంటే ముందు పాడవుతుంది.

వేగం

గొడుగు, టవల్, గ్లవ్ అంటూ ప్రతి షాట్‌కూ సమయం పోతుంది. దాన్ని వేరే చోట సంపాదించుకోవాలి. ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు ముందు కొట్టేయండి, దూరం వాళ్లే ముందన్న పట్టింపు వద్దు. బంతి పడిన చోటును నలుగురూ చూడాలి, ఎందుకంటే ఈ రోజు అది దొర్లి ముందుకు రాదు, పడిన గుంటలోనే ఉంటుంది. వెతకడానికి మూడు నిమిషాలే ఉంది. వెనక గ్రూపు ఆగి చూస్తుంటే చేయి ఊపి ముందుకు పంపేయండి. వాళ్లూ మనలాగే తడుస్తున్నారు.

పిడుగులు

ఉరుము వినిపించిందంటే ఆట ఆపండి. కోర్సు వాళ్ల సైరన్ కోసం ఎదురు చూడనక్కర్లేదు. మెరుపుల భయం ఉందని మీకనిపిస్తే ఆపే హక్కు నియమాల ప్రకారమే ఉంది. సైరన్ ఒకే ఒక్క దీర్ఘ శబ్దంగా వస్తే వెంటనే ఆపాలని అర్థం, అప్పుడు ఇంకొక్క షాట్ కూడా కొట్టకూడదు. మూడుసార్లు వరుసగా వస్తే ఆడుతున్న హోల్ పూర్తి చేసి ఆపొచ్చు. రెండు చిన్న శబ్దాలు వస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఒంటరి చెట్టు కింద నిలబడకండి. గోడల్లేని షెడ్ వానకు పనికొస్తుంది కానీ పిడుగుకు కాదు. క్లబ్‌హౌస్ లోపలికో, కారులోకో వెళ్లి అద్దాలు మూసుకోండి. క్లబ్బులు, గొడుగు దూరంగా పెట్టేయండి. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచాకే బయటికి రండి. 1975లో షికాగో దగ్గర వెస్టర్న్ ఓపెన్ పోటీలో లీ ట్రెవినో, జెర్రీ హర్డ్, బాబీ నికోల్స్ ముగ్గురికీ పిడుగు దెబ్బ తగిలింది. ట్రెవినో వెన్నుకు తర్వాత శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. కార్డులో ఎన్ని పాయింట్లు ఉన్నా దీనికి మినహాయింపు లేదు.

ఇంటికి వచ్చాక

బ్యాగ్‌ను కారు డిక్కీలో రాత్రంతా వదలకండి. క్లబ్బులన్నీ బయటికి తీసి, తలలు, షాఫ్ట్‌లు, గ్రిప్‌లు పొడి గుడ్డతో తుడిచి గోడకు ఆనించి పెట్టండి. తడి కవర్లు తలల మీద ఉంచితే లోపల తేమ నిలిచిపోతుంది. పైపూత లేని వెడ్జ్‌లు మొదట తుప్పు పట్టేది అలాగే. బ్యాగ్ జేబులన్నీ జిప్‌లు తీసి తలకిందులుగా దులపండి, మరిచిపోయిన తడి గ్లవ్ ఒకటి అందులో దొరక్కపోదు. తోలు గ్లవ్‌ను చేయి ఆకారంలో చదును చేసి నీడలో ఆరబెట్టండి. బూట్ల లోపలి అట్టలు తీసి, పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, గంట తర్వాత తడిసిన కాగితాలు మార్చండి. హీటర్ పక్కన పెడితే తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. గొడుగు తెరిచే ఆరనివ్వండి, గ్రిప్‌లు మర్నాటికి కూడా జిడ్డుగా అనిపిస్తే గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి.